బానెట్ ఎత్తడం

నాది 2008 మారుతీ 800. లక్షా అరవై వేల కిలోమీటర్లు తిరిగింది. పదిహేనేళ్లు నిండాక ఫిట్‌నెస్ చేయించి మళ్లీ రిజిస్టర్ చేయించాను.

"సార్‌ని ఒకసారి ఫోన్ చేయమనండి మేడమ్" అన్నాడు మెకానిక్. సార్ లేరు. విడిపోయి ఆరేళ్లు.

నాకు వంట నేర్పినవాళ్లెవరూ బానెట్ ఎత్తడం నేర్పలేదు. నేనే నేర్చుకున్నాను. ఆదివారం పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉండగా డిప్‌స్టిక్ తుడిచి ఆయిల్ చూస్తాను. తర్వాత కూలెంట్, టైర్లలో గాలి. టైమింగ్ బెల్ట్ తెగకముందే మార్పించాను. తేదీ, మీటర్ రీడింగ్, ఖర్చు అన్నీ నోట్‌బుక్‌లో రాస్తాను.

మొన్న క్లచ్ ప్లేట్ పోయిందన్నాడు. "పోయినేడే మార్చారు. ముందు కేబుల్ చూడండి" అన్నాను. కేబులే!

కొత్త కారు నా జీతానికి అందదు. కానీ అర్ధరాత్రి అమ్మకి ఆయాసమొస్తే ఎవరి తలుపూ తట్టక్కర్లేదు. తాళంచెవి నా దగ్గరే ఉంది.