ఉత్తరానికి పోవాలంటే దక్షిణానికి

చికాగో ఎంత దూరమని చంద్రపూర్‌లోని మా బాబుపేట్‌లో అడిగి చూడండి. కిలోమీటర్లు ఎవరూ చెప్పరు. "ముందుగాల హైదరాబాద్ పోవాలె గదా" అంటారు.

శంషాబాద్ నుంచి చికాగోకు దగ్గరి దారి దాదాపు 13,300 కిలోమీటర్లు. గంటకు 900 చొప్పున 15 గంటలు చాలాలి. కానీ ఎయిర్ ఇండియా 2021 జనవరిలో హైదరాబాద్ నుంచి నేరుగా చికాగోకు నడిపిన విమానానికి 16 గంటల పైచిలుకే పట్టేది. టైమ్‌టేబుల్ లెక్క ఇక్కడ గేటు వదిలింది మొదలు అక్కడ గేటు చేరేదాకా. పైగా గాలులు, కొండలు, దేశాల అనుమతులు చూసుకుని వంకరగా పోవాలి. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మన విమానాలకు ఆకాశం మూసేశాక, ఢిల్లీ నుంచి అమెరికా పోయే కొన్ని విమానాలు యూరప్‌లో దిగి ఇంధనం పోయించుకోవాల్సి వచ్చింది.

నాకు నవ్వు తెప్పించేది మాత్రం ఆ దగ్గరి దారే. గోడ మీది మ్యాప్ చూసి అమెరికా పడమరన ఉందనుకుంటాం. భూమి గుండ్రం కాబట్టి ఆ గీత హైదరాబాద్ నుంచి దాదాపు నేరుగా ఉత్తరానికి పోయి, ధ్రువానికి పదకొండు డిగ్రీల దాపుకు చేరి, అవతలి వైపు దిగుతుంది. ఆ పోవడం మాకు పడమరగా, యవత్మాళ్ దాపునే. చంద్రపూర్‌కు నూటయాభై కిలోమీటర్లు ఉంటుందేమో. మేమేమో బల్లార్షాలో రైలెక్కి, కాజీపేట మీదుగా సుమారు 365 కిలోమీటర్లు దక్షిణానికి దిగి సికింద్రాబాద్ చేరతాం. అంత దూరం పోయి ఎక్కితే విమానం మళ్లీ మా వైపే రావాలి!

నాగపూర్ విమానాశ్రయం దగ్గరే కదా అంటారు. నిజమే, షార్జాకూ దోహాకూ అక్కణ్నుంచీ విమానాలు నడిచాయి. అయినా మావాళ్లకు హైదరాబాదే కావాలి. అక్కడ చుట్టాలుంటారు. వాళ్లింట్లో ఓ రాత్రి పడుకుని, పెట్టెలు మళ్లీ తూచి, 23 కిలోలు దాటిన పెట్టెలోంచి మామిడికాయ పచ్చడి డబ్బా తీసి వాళ్లకే ఇచ్చేసి పోవడం రివాజు. ఆ ఇంటివాళ్లు వద్దనగా నేనెప్పుడూ చూడలేదు.

గడియారం చేసే మోసం ఇంకోటి. చలికాలంలో చికాగో మనకంటే పదకొండున్నర గంటలు వెనక. ఆ నేరు విమానం ఇక్కడ మధ్యాహ్నం లేచి అదే రోజు సాయంత్రం అక్కడ దిగేది. టికెట్ చూసిన పెద్దవాళ్లు అయిదారు గంటల ప్రయాణమేనని ధీమాగా ఉండేవారు.

ఆ విమానం తర్వాత ఆగిపోయింది. ఇప్పుడు ఢిల్లీలోనో దోహాలోనో మారాలి. అందుకే అమెరికా నుంచి అమ్మానాన్నలకు టికెట్లు పంపే పిల్లలకు ఒక మాట: గంటలు శంషాబాద్ నుంచి కాదు, బల్లార్షా ప్లాట్‌ఫారం నుంచి లెక్కపెట్టండి. మారే చోట వీల్‌చైర్ ముందే చెప్పి ఉంచండి.