ఒక జాము ఆగు

ఆషాఢం వచ్చిందంటే మా గుంటూరు వైపు రెండు పనులు మొదలవుతాయి. పొలంలో పత్తిగింజలు పెట్టడం, ఇంట్లో కొత్తకోడల్ని పుట్టింటికి పంపడం. మొదటిదానికి మేఘం రావాలి. రెండోదానికి ఆనవాయితీ ఒక్కటి చాలు!

కాళిదాసు యక్షుడికీ మేఘం కనిపించింది ఆషాఢంలోనే. ఏడాదిపాటు భార్యకు దూరంగా ఉండమని శాపం. రామగిరి మీద ఒంటరిగా ఎనిమిది నెలలు గడిపాడు. నాగపూరు దగ్గరున్న రామ్‌టెక్కే ఆ కొండ అంటారు. ఇంకా నాలుగు నెలలుంది. అందాకా అక్కడ ఆవిడ ప్రాణం నిలుపుకుంటుందో లేదోనని బెంగ. ఎవరూ దొరక్క మేఘాన్నే బతిమాలుకున్నాడు. విదిశ, ఉజ్జయిని, కురుక్షేత్రం మీదుగా హిమాలయాలకు వెళ్ళి, కైలాసం ఒడిలో ఉన్న అలకాపురిలో తన మాట చేరవెయ్యమన్నాడు.

ఈ కథ నేను పదో తరగతిలో మా తెలుగు మాష్టారి నోట విన్నాను. ఆ ఏడాదే నేనూ హిమాలయాలకు దూతనయ్యాను. కాలు కదపకుండా, చిలకలూరిపేట దగ్గర మా ఊళ్ళో, మా అరుగు మీద కూర్చునే!

అది 1995. మా పక్కింటి వదిన భర్త మిలటరీలో జవాను. వదినకు చదువు రాదు. పదిహేను రోజులకోసారి ఇన్‌లాండు కవరు పట్టుకుని, "అమ్మాయీ, మీ అన్నయ్యకి నాలుగు ముక్కలు రాసిపెట్టవూ" అంటూ వచ్చేది. ఆ అడ్రసులో పేరుంది, నంబరుంది, చివర 56 ఏ.పి.ఓ. అని ఉంది. ఊరు మాత్రం లేదు. "ఊరు పేరు లేకుండా ఉత్తరం ఎలా పోతుంది వదినా?" అంటే, "పోతుందిలే, మంచుకొండలకి" అనేది.

ఆషాఢమేఘం మాకు చుట్టం. ఫాల్గుణమేఘం దొంగ. ఆ ఫాల్గుణంలో కల్లంలో మిరపకాయలు ఎండబోసి ఉండగా అర్ధరాత్రి వాన ముంచుకొచ్చింది. పట్టాలు కప్పేలోపలే సగం కాయ తడిసి, రంగు పోయి తాలైపోయింది. కౌలు బాకీ అలాగే నిలిచిపోయింది. మూడో రోజున వదిన కవరు పట్టుకొచ్చింది.

"అందరం క్షేమం. కాయలు మంచి ధరకి పోయాయి. మీరు దిగులు పడొద్దు. అని రాయి."

చెప్పినట్టే రాశాను. కానీ పదిహేనేళ్ళ వయసు కదా, అబద్ధం రాయడానికి చెయ్యి జంకింది. దూత అన్నాక నిజం చెప్పొద్దూ! కవరు అంటించేముందు మడత లోపల నా సొంతంగా ఒక ముక్క చేర్చాను. "అన్నయ్యా, కాయలు తడిసి పాడైపోయాయి. వదిన రాత్రిళ్ళు ఏడుస్తోంది." పెద్ద ఘనకార్యం చేసినట్టు ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

నెలన్నరకి జవాబొచ్చింది. రాసేదాన్నీ నేనే, చదివిపెట్టేదాన్నీ నేనే. "ఇక్కడ చలి పెద్దగా లేదు. తిండికి లోటు లేదు" అని ఉంది. అడుగున చిన్న అక్షరాలతో, "చెల్లెమ్మా, నిజం రాసినందుకు సంతోషం. కాని నీ ఉత్తరం నేను పైన కాపలాలో ఉండగా వచ్చింది. దించడానికి ఇంకా ఇరవై రోజులు. దిగులుతో ఉన్నవాడు మంచులో అడుగు సరిగ్గా వెయ్యలేడు. ఇకమీదట వదిన చెప్పిందే రాయమ్మా" అని ఉంది.

నా గొంతు తడారిపోయింది. "ఇంకేం రాశారు?" అంది వదిన.

"అంతే వదినా, ముద్దులు, దీవెనలు" అన్నాను. నా మొదటి అబద్ధం అదే.

ఆ ఏడు ఆషాఢం చివర్లో అన్నయ్య శెలవు మీద వచ్చాడు. తానుండేది సియాచిన్‌లోనని అప్పుడు చెప్పాడు. 1984 ఏప్రిల్ 13న మన సైన్యం ఆ మంచుమేట మీద కాలు పెట్టిన కార్యక్రమానికి ఆపరేషన్ మేఘదూత్ అని పేరు పెట్టారు. చలి సున్నాకి నలభై డిగ్రీల కిందికి దిగే చోటు. పై శిబిరాలకు బియ్యమైనా కిరసనాయిలైనా హెలికాప్టర్లోంచి దిగాల్సిందే. అంటే నా ఉత్తరమూ చివరికి మబ్బుల దారినే వెళ్ళి ఉండాలి.

వదిన మంచినీళ్ళు అందించింది. గ్లాసు పట్టుకున్న ఎడమచేతికి రెండు వేళ్ళ కొసలు లేవు. వదిన ఆ వేళ్ళకేసి చూసింది. అన్నయ్య వదిన చెవులకేసి చూశాడు. కమ్మలుండాల్సిన చోట వేపపుల్లలున్నాయి. ఇద్దరూ ఏమీ అడగలేదు. నేను గబగబా మా ఇంట్లోకి వచ్చేశాను.

తరవాత డిగ్రీలో మేఘసందేశం మళ్ళీ చదివాను. మన కొలాచలం మల్లినాథసూరి సంజీవని వ్యాఖ్యానం పక్కన పెట్టుకుని మరీ చదివాను. మొదటిసారి వినిపించని మాట అప్పుడు వినిపించింది. ఆవిడ నిద్రలో ఉంటే ఉరమకుండా ఒక జాము ఆగమన్నాడు యక్షుడు. లేచాక, ముందు తను బతికున్నాడన్న సంగతి చెప్పమన్నాడు. తన బాధంతా ఆ తరవాతే. అబద్ధం చెప్పమనలేదు. వేళ చూసి చెప్పమన్నాడు, అంతే. అది తెలియకనే నేను మంచుకొండ అంచున నిలబడ్డ మనిషి చెవిలో ఉరిమాను.

ఇప్పుడు మా అబ్బాయి చలిదేశంలో చదువుకుంటున్నాడు. ఫోనులో మొహాలు చూసుకుంటూనే మాట్లాడుకుంటాం. "తిన్నావా నాన్నా?" అంటే, "తిన్నానమ్మా" అంటాడు. వెనక పొయ్యి మీద గిన్నె ఉండదు. నేనడగను. నాకు ఆపరేషన్ చెయ్యాలని డాక్టరు అన్న సంగతి నేనూ చెప్పలేదు. వాడికి వచ్చే వారం పరీక్షలు. అవి కానీ, చెబుతాను.

ఒక జామేగా!