మాటలు లేని తుపాకి

లిబరేటర్ అరచేతిలో ఇమిడిపోయే రేకు పిస్తోలు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1942 వేసవిలో అమెరికాలోని ఆండర్సన్ పట్టణంలో, కార్ల హెడ్‌లైట్లు చేసే గైడ్ ల్యాంప్ కర్మాగారం ఇలాంటివి సుమారు 10 లక్షలు తయారుచేసింది. గుట్టు బయటపడకుండా కాగితాల మీద దాన్ని ‘ఫ్లేర్ ప్రొజెక్టర్’ అన్నారు. చీకట్లో వెలుగు చిమ్మే పనిముట్టు పేరు, చీకట్లోనే పనిచేయాల్సిన ఆయుధానికి.

అందులో ఒకసారికి పట్టేది ఒక్కటే తూటా. గొట్టం లోపల మెలి తిరిగిన గాడులు లేవు, గురి కొద్ది గజాల మేరే. పేలిన తూటా డొల్లను పుల్లతో పొడిచి తీయాలి. శత్రువు ఆక్రమించిన దేశాల్లో ప్రతిఘటించేవారికి రహస్యంగా చేరవేయాలన్నది ఆలోచన. అందుకునే చేయి ఎవరిదో, వారి భాష ఏదో తెలియదు. అందుకే పెట్టెలో అక్షరం లేని బొమ్మల కాగితం ఉంచారు.

కొన్ని అమెరికా గూఢచారి సంస్థ ఓఎస్ఎస్‌కు అందాయి. ఎక్కువ భాగం అనుకున్న చేతులకు చేరనేలేదు; యుద్ధం ముగిశాక చాలావాటిని ధ్వంసం చేశారు. మిగిలిన కొన్ని ఇప్పుడు మ్యూజియం అద్దాల వెనుక ఉన్నాయి. భయం మధ్య బతికే ఓ అపరిచితుడికి రాసిన ఉత్తరాల్లా, చిరునామా లేకుండా, మౌనంగా.