బస్సెక్కితే కనిపించే ఆస్ట్రేలియా

ఆస్ట్రేలియా వైశాల్యం దాదాపు 77 లక్షల చదరపు కిలోమీటర్లు. మన దేశానికి రెండింతల పైమాటే. జనాభా మాత్రం తెలంగాణ కంటే తక్కువ, దాదాపు 2 కోట్ల 70 లక్షలు. ఆ ఉన్నవాళ్ళలోనూ ఎక్కువమంది సముద్రం ఒడ్డున నాలుగైదు నగరాల్లో సర్దుకున్నారు. మధ్యలో ఊళ్ళు లేనట్టే. ఊళ్ళు లేని చోట రైళ్ళు ఎవరి కోసం నడవాలి, బస్సులు ఎక్కడ ఆగాలి? ఇంట్లో మ్యాపు ముందేసుకుని కూర్చున్నప్పుడు ఇదేమీ తట్టదు. అడిలైడ్ నుంచి డార్విన్‌కి గీత గీసుకుంటే గుంటూరు నుంచి హైదరాబాదు వెళ్ళినట్టే ఉంటుంది. ఆ గీత నిజంగా రోడ్డు మీద దాదాపు 3,000 కిలోమీటర్లు.

మా మేనల్లుడు మెల్‌బోర్న్‌లో ఉంటాడు. ఈ దేశాన్ని నేల మీద తిరిగి చూడాలని ఉందిరా అంటే, "రైలెక్కుదామనుకుంటున్నారేమో మామయ్యా! ఇక్కడ దూరపు రైలంటే డబ్బున్నవాళ్ళ సరదా. మనలాంటివాళ్ళకి విమానమే చవక" అన్నాడు. వాడి మాటలో అతిశయం లేదు. సిడ్నీ నుంచి పెర్త్‌కి 4,352 కిలోమీటర్లు నడిచే ఇండియన్ పసిఫిక్, అడిలైడ్ నుంచి డార్విన్ వెళ్ళే గాన్, ఈ రెండు రైళ్ళలోనూ ఒకప్పుడు కూర్చుని వెళ్ళే చవక తరగతి ఉండేది. 2016లో ఎత్తేశారు. ఇప్పుడు పడక గది, భోజనం, వైను, దారిలో ఊళ్ళు చూపించడం అన్నీ కలిపే టికెట్టు. అడిలైడ్ నుంచి డార్విన్ దాకా అయితే మనిషికి లక్ష రూపాయలు దాటుతుంది. సామాన్యుడు రైల్లో, కలిగినవాడు విమానంలో వెళ్ళే దేశం నుంచి వచ్చిన నాకు ఈ తలకిందుల లెక్క అలవాటవడానికి కొంత టైము పట్టింది.

మెల్‌బోర్న్ గురించి ఎక్కువ చెప్పను. ట్రామ్ పట్టాలు 250 కిలోమీటర్ల దాకా ఉన్నాయి, ఊరి నడిబొడ్డున ఎక్కి దిగితే డబ్బులడగరు. ఊరికే అటూ ఇటూ తిరిగాను. అక్కణ్ణించి అడిలైడ్‌కి వారానికి రెండుసార్లే నడిచే ఓవర్‌ల్యాండ్ అనే పగటి రైలుంది. పదిన్నర గంటల ప్రయాణం, టికెట్టు మనబోటివాళ్ళకి అందుతుంది. గోధుమ చేలు, గొర్రెలు, మళ్ళీ గోధుమ చేలు. ముర్రే నది దాటాక కొండలెక్కుతుంది, అక్కడ మాత్రం కిటికీ వదల్లేదు. ఈ దారిని 1995లో గానీ స్టాండర్డ్ గేజికి మార్చలేదట. ఒకే దేశంలో ఒక్కో రాష్ట్రం ఒక్కో వెడల్పున పట్టాలు వేసుకుంది. సిడ్నీ, మెల్‌బోర్న్ మధ్య వెళ్ళేవాళ్ళు 1962 దాకా సరిహద్దులో ఆల్బరీ దగ్గర రైలు దిగి ఇంకో రైలెక్కేవాళ్ళు. అడిలైడ్ ఉన్న దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రంలోకి పండ్లు తేకూడదు, పండు ఈగ భయం. చేతిలో ఉన్న ఆపిల్ సరిహద్దుకి ముందే తినేశాను.

అడిలైడ్ నుంచి కంగారూ దీవికి వెళ్ళాను. కేప్ జెర్విస్ దాకా బస్సు, అక్కణ్ణించి 45 నిమిషాలు ఫెర్రీ. దీవి మీద మాత్రం ఊరూరా తిరిగే బస్సులు లేవు. కారు ఉండాలి, లేకపోతే టూరు వ్యాను పట్టుకోవాలి. నేను వ్యాను పట్టుకున్నాను. అది పెట్టిన టైముకి ఎక్కడం, దిగడం నాకు సరిపడలేదు. సీల్ జంతువులు ఎండలో పడుకున్న చోట ఇంకో గంట ఉండాలనిపించింది, ఉండనివ్వలేదు. 2019-20 మంటల్లో ఈ దీవి దాదాపు సగం కాలిపోయింది. పడమటి వైపు కాలిన మానులకి అడుగు నుంచి పచ్చటి గుబుర్లు లేచాయి.

ఇక అసలు సంగతి బస్సు. అడిలైడ్ నుంచి ఆలిస్ స్ప్రింగ్స్‌కి 1,500 కిలోమీటర్ల పైన, దాదాపు ఇరవై గంటలు. సాయంత్రం బయల్దేరింది. సీటు బెల్టు తప్పనిసరి. వెనక టాయిలెట్ ఉంది. మేనల్లుడి భార్య చేసిచ్చిన చింతపండు పులిహోర నా సంచిలో ఉంది కాబట్టి రోడ్డు పక్క హోటళ్ళతో నాకు పని పడలేదు. వాటిని వాళ్ళు రోడ్‌హౌస్ అంటారు. పెట్రోలు, టీ, మాంసం కూరిన పై, పడక, పంక్చరు అన్నీ ఒకే కప్పు కింద. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య దూరమే భయపెడుతుంది. గ్లెన్‌డాంబో దాటితే కూబర్ పీడీ దాకా దాదాపు 250 కిలోమీటర్లు ఇంకో బంకు లేదు. ఫోనుకి సిగ్నల్ కూడా లేదు.

ఈ రోడ్డు పేరు స్టువార్ట్ హైవే. 1862లో ఈ ఖండాన్ని దక్షిణం నుంచి ఉత్తరానికి దాటివచ్చిన జాన్ మెక్‌డవల్ స్టువార్ట్ పేరు. పది సంవత్సరాల తర్వాత, 1872లో, అతను వెళ్ళిన జాడ పట్టుకునే టెలిగ్రాఫ్ తీగ వేశారు. రోడ్డు చివరి దాకా తారు పడింది మాత్రం 1987లో. స్తంభాలు నాటడానికి అతని దారి పదేళ్ళకే ఆసరా అయింది, మనుషులు సుఖంగా వెళ్ళడానికి వందేళ్ళు దాటింది.

చీకటి పడ్డాక డ్రైవరు వేగం తగ్గించాడు. కంగారూలు సందె వేళ, రాత్రిపూట రోడ్డు మీదకి వస్తాయి. అందుకే బస్సు ముందు లావుపాటి ఇనప చట్రం ఉంటుంది. అద్దె కార్లు ఇచ్చే చాలా సంస్థలు ఊళ్ళ బయట రాత్రి నడిపితే బీమా వర్తించదని రాయించుకునేది కూడా ఇందుకే. ఎదురుగా వచ్చే లారీల్ని రోడ్ ట్రెయిన్ అంటారు. ఒక ఇంజను, మూడు ట్రెయిలర్లు, పొడవు 53 మీటర్ల దాకా. మన రైలు పెట్టెలు రెండు కలిపిన దానికన్నా ఎక్కువ. అది పక్కనుంచి వెళ్ళినప్పుడు అంత బస్సూ ఒక్కసారి ఊగింది. నా పక్క సీటు ముసలాయన కళ్ళు తెరవకుండానే, "అలవాటైపోతుందిలే" అన్నాడు.

తెల్లారేసరికి కూబర్ పీడీ. ఊరి చుట్టూ తెల్లటి మట్టి కుప్పలు వేలకొద్దీ ఉన్నాయి. ఓపల్ రాళ్ళ కోసం తవ్వి పోసిన మట్టి అది. 1915లో ఇక్కడ ఓపల్ దొరికింది. ఎండ తట్టుకోలేక చాలామంది నేల కిందే ఇళ్ళు తొలుచుకున్నారు, చర్చీలు కూడా నేల కిందే. అక్కణ్ణించి నేల ఎర్రబడిపోతుంది. రోడ్డు మీద చచ్చిన కంగారూని గద్దలు పీకుతుంటే బస్సు దగ్గరికొచ్చేదాకా అవి కదల్లేదు. ఎదురెదురుగా వెళ్ళే డ్రైవర్లు స్టీరింగు మీద నుంచి ఒక వేలు ఎత్తి పలకరించుకుంటారు. ఇంత ఖాళీలో ఒక మనిషి కనపడటమే విశేషం మరి. నార్తర్న్ టెరిటరీలోకి అడుగుపెట్టగానే వేగ పరిమితి 110 నుంచి 130కి మారింది. ఉలురు ఎర్రకొండ ఆలిస్ స్ప్రింగ్స్ పక్కనే ఉంటుందని మనవాళ్ళు చాలామంది అనుకుంటారు. మధ్యలో ఉన్న రోడ్డు 450 కిలోమీటర్లు. 2019 అక్టోబరు నుంచి కొండెక్కడం నిషేధం, ఆ నేల సొంతదారులైన అనంగు ప్రజలు కోరుకున్నది అదే.

ఆలిస్ స్ప్రింగ్స్ స్టేషన్లో గాన్ రైలు ఆగి ఉండగా చూశాను. వెండి రంగు పెట్టెలు ఎంత దూరం ఉన్నాయంటే ఇంజను కనపడలేదు. పెట్టె మీద ఒంటె మీద కూర్చున్న మనిషి బొమ్మ. ఈ ఎడారిలో పట్టాలు రాకముందు సామాన్లు మోసినవి ఒంటెలు. వాటిని తోలడానికి వచ్చినవాళ్ళని అందరినీ కలిపి ఆఫ్ఘన్లు అన్నారు, గాన్ అనేది ఆ పేరులోని ముక్కే. నిజానికి వాళ్ళలో చాలామంది బలూచిస్తాన్, పంజాబ్, సింధు ప్రాంతాలవాళ్ళు, అంటే అప్పటి మన దేశంవాళ్ళు. 1860లో బర్క్, విల్స్ అన్వేషణ యాత్ర కోసం తెచ్చిన ఒంటెలు కరాచీలో ఓడెక్కి మెల్‌బోర్న్‌లో దిగాయి. 1929లో రైలు ఆలిస్ స్ప్రింగ్స్ చేరింది, లారీలు పెరిగాయి, ఒంటెల్ని ఎడారిలో వదిలేశారు. వాటి సంతతి అక్కడే అడవి ఒంటెలై తిరుగుతోంది. పాత పట్టాలు వరదలకి కొట్టుకుపోతూ ఉండటంతో 1980లో దారి మార్చారు. డార్విన్ దాకా మొదటి ప్రయాణికుల రైలు వెళ్ళింది 2004లో. ఒంటెలవాళ్ళ పేరు పెట్టుకున్న బండిలో వైను గ్లాసులు పట్టుకున్నవాళ్ళని చూస్తే నాకు కాస్త మంటెత్తింది, టికెట్టు కొనలేని దుగ్ధ కూడా కొంత ఉండొచ్చు.

తిరుగు ప్రయాణం విమానంలో. వెళ్ళేటప్పుడు ఒక రాత్రీ పగలూ చూసిన నేల మూడు గంటల్లోపే అయిపోయింది.

ఆ తర్వాత వెళ్ళిన టాస్మానియా దీవికి మేనల్లుడూ వచ్చాడు, వాడి కారూ వచ్చింది. స్పిరిట్ ఆఫ్ టాస్మానియా ఓడ ఇదివరకు మెల్‌బోర్న్ రేవు నుంచే బయల్దేరేది, 2022 అక్టోబరు నుంచి జిలాంగ్ నుంచి నడుస్తోంది. రాత్రి ఎక్కితే తెల్లారేసరికి డెవన్‌పోర్ట్. కారు ఓడ పొట్టలోకి తోలి మెట్లెక్కి పైకి వెళ్ళాలి. గది కావాలంటే గది, డబ్బు మిగుల్చుకోవాలంటే వెనక్కి వాలే కుర్చీ. మేం కుర్చీలకే కొన్నాం. మధ్యలో దాటే బాస్ జలసంధి వెడల్పు దాదాపు 240 కిలోమీటర్లు, లోతు సగటున 60 మీటర్లే. ఆ తక్కువ లోతే అల్లరికి కారణం, కెరటాలు పొట్టిగా, నిటారుగా లేస్తాయి. మంచుయుగంలో ఇదంతా నేలే, మనుషులు నడిచి దాటారు. టాస్మానియా ద్వీపమని తెల్లవాళ్ళకి రుజువైంది 1798-99లో, జార్జ్ బాస్, మాథ్యూ ఫ్లిండర్స్ చిన్న ఓడలో చుట్టి వచ్చాక. అర్ధరాత్రి కుర్చీలో నా పొట్ట తిరుగుతుంటే ఆ ఇద్దరి మీద నాకు గౌరవం పెరిగింది.

డెవన్‌పోర్ట్‌లో దిగేముందు కుక్కలతో వాసన చూపించి కార్లు తనిఖీ చేశారు. పండు, కూరగాయ ఏదీ దీవిలోకి రాకూడదు. టాస్మానియాలో మామూలు ప్రయాణికుల రైళ్ళు 1978లోనే ఆగిపోయాయి. పర్యాటకుల కోసం క్వీన్స్‌టౌన్ వైపు నడిపే ఆవిరి రైలు వేరే సంగతి. కాబట్టి చేతిలో కారు ఉండటం అక్కడ విలాసం కాదు. డెవన్‌పోర్ట్ నుంచి హోబార్ట్‌కి 280 కిలోమీటర్లే, కానీ ముఖ్యమైన రోడ్డు వదిలితే అంతా మలుపులే. హోబార్ట్ కిందన కెటరింగ్ నుంచి కారుతో సహా ఇంకో ఫెర్రీ ఎక్కి ఇరవై నిమిషాల్లో బ్రూనీ దీవికి వెళ్ళాం. కంగారూ దీవిలో వ్యానువాడు ఇవ్వని గంట ఇక్కడ ఎవర్నీ అడగకుండా తీసుకున్నాను.

నా లెక్క ఇది. నగరం నుంచి నగరానికి విమానమే, బడాయి అక్కర్లేదు. ఎడారిలో ఒక్కసారైనా బస్సు. దీవులకి సొంత కారో, అద్దె కారో. మనలాగే ఎడమ పక్కన నడుపుతారు, ఇంగ్లీషులో ఉన్న మన లైసెన్సు పర్యాటకులకి చెల్లుతుంది. డిసెంబరు, జనవరి వాళ్ళకి వేసవి సెలవులు. ఆ రోజుల్లో కారుతో టాస్మానియా ఓడెక్కాలంటే టికెట్టు నెలల ముందే కొనుక్కోండి.