గుడ్డు లేని పొరటు, చిటికెడు నల్ల ఉప్పు

నల్ల ఉప్పు గడ్డగా ఉన్నప్పుడే ముదురు రంగు. నూరితే లేత గులాబీ కలిసిన మట్టిరంగు పొడి అవుతుంది. హైదరాబాద్ చాట్ బండ్ల దగ్గర, పానీపూరీ నీళ్లలో, జల్‌జీరాలో వాడే కాలా నమక్ ఇదే. సీసా మూత తీస్తే ఉడికిన గుడ్డు వాసన కొడుతుంది. చాట్ తినేవాళ్లు ఆ వాసనను పట్టించుకోరు. గుడ్డు, పాలు, తేనెతో సహా జంతువుల నుంచి వచ్చేది ఏదీ ముట్టని వీగన్లు మాత్రం ఆ వాసన కోసమే దీన్ని కొంటారు.

సికింద్రాబాద్ నుంచి మేడ్చల్ వెళ్లే రైలు దారిలో గుండ్లపోచంపల్లి తర్వాత వచ్చే స్టేషన్ గౌడవెల్లి. మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల కోళ్ల ఫారాలు చాలా ఉన్నాయి కాబట్టి ఇక్కడ గుడ్డుకు కొదవ లేదు. అలాంటి చోట గుడ్డు లేకుండా పొరటు వండుకునే ఒక ఇంటికి ఈ వ్యాసకర్త వెళ్లినప్పుడు ముందుగా కనిపించినవి రెండు ఉప్పులు. అయోడైజ్డ్ ఉప్పు డబ్బా పొయ్యి పక్కన ఉంది. బిగుతు మూత ఉన్న నల్ల ఉప్పు సీసా పొయ్యికి దూరంగా, కంచాలు పెట్టే బల్ల మీద ఉంది. ఈ ఉప్పు వాడకంలో ముఖ్యమైన నియమం ఆ అమరికలోనే ఉంది.

నల్ల ఉప్పు తవ్వి తీసినది తీసినట్టుగా అమ్మే ఖనిజం కాదు, కాల్చి తయారుచేసేది. రాతి ఉప్పునో, రాజస్థాన్‌లోని సాంభర్ వంటి ఉప్పు సరస్సుల నుంచి వచ్చే ఉప్పునో తీసుకుంటారు. దానికి బొగ్గు, కరక్కాయ, ఉసిరి, తానికాయ, తుమ్మ బెరడు వంటివి కలిపి, పాత్ర మూతి మూసి, కొలిమిలో ఇంచుమించు రోజంతా కాలుస్తారు. ఆ వేడికి ఉప్పు కరుగుతుంది. అందులోని సల్ఫేట్లను బొగ్గు సల్ఫైడ్లుగా మారుస్తుంది. ఉన్న కాస్త ఇనుము గంధకంతో కలిసి ముదురు రంగునిస్తుంది. ఇప్పుడు చాలాచోట్ల మామూలు ఉప్పుకు సోడియం సల్ఫేట్, ఇనుము లవణం, బొగ్గు కలిపి కూడా తయారుచేస్తున్నారు. వంటలో ఈ రెండింటికీ పెద్ద తేడా తెలియదు. ఆయుర్వేదం చెప్పే లవణాల్లో ఇది సౌవర్చలమా, బిడమా అన్న విషయంలో పండితులకు ఏకాభిప్రాయం లేదు గానీ, వంటకు ఆ తగవుతో పని లేదు.

తడి తగిలితే ఈ సల్ఫైడ్ల నుంచి హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు వెలువడుతుంది. మనిషి ముక్కు దీన్ని అతి కొద్ది మోతాదులోనే పసిగడుతుంది. గుడ్డు ఉడికినప్పుడు జరిగేదీ ఇదే. తెల్లసొన ప్రొటీన్లలోని గంధకం వేడికి అదే వాయువుగా బయటపడుతుంది. ఎక్కువసేపు ఉడికిన గుడ్డులో పచ్చసొన చుట్టూ కనిపించే ఆకుపచ్చ వలయం ఐరన్ సల్ఫైడే. అందుకే నల్ల ఉప్పు వాసనను గుడ్డు వాసనకు నకలు అనడం సరికాదు. రెండింటిలోనూ ఉన్నది ఒకే పదార్థం.

గౌడవెల్లి ఇంట్లో పొరటు టోఫుతో చేశారు. టోఫును గుడ్డలో పిండి, చేత్తో చిదిపారు. వేరుశనగ నూనెలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు వేగాక పసుపు, తగినదానికంటే తక్కువగా మామూలు ఉప్పు వేసి, టోఫు కలిపి తడి ఆరేదాకా వేయించారు. పొయ్యి కట్టేశాకే నల్ల ఉప్పు చల్లారు. రెండువందల గ్రాముల టోఫుకు పావు చెంచా చాలు. మూకుడు మంట మీద ఉండగా వేస్తే వాయువు ఆవిరితో పోయి, ఒట్టి ఉప్పదనమే మిగులుతుంది. వేడి కూర మీద పడి వాసన లేచే ఆ కొద్ది నిమిషాల్లోనే పొరటు గుడ్డును తలపిస్తుంది. చల్లారాక మళ్లీ టోఫే.

పులుపు దగ్గర ఇంకొంచెం జాగ్రత్త కావాలి. నిమ్మరసం, చింతపండు తగిలితే వాయువు ఒక్కసారిగా వెలువడుతుంది. పానీపూరీ నీళ్లు అంత ఘాటుగా ఉండటానికి ఇదొక కారణం. కానీ గుడ్డు పులుసుకు బదులు టోఫు పులుసు పెట్టి, అందులో నల్ల ఉప్పు వేసి మరిగిస్తే ఆ వాసన వంటింట్లోనే మిగిలిపోతుంది, గిన్నెలో కాదు. కంచంలో వడ్డించుకున్నాక ముక్కల మీద చల్లుకోవడం మేలు. శనగపిండిలో టమాటా, ఉల్లిపాయ కలిపి పోసే అట్టును తెలుగిళ్లలో ఏనాటి నుంచో టమాటా ఆమ్లెట్ అంటున్నారు. నల్ల ఉప్పు బాగా నప్పేది, నిజం చెప్పాలంటే, టోఫుకంటే దీనికే. పెనం మీద నుంచి తీయగానే పైన చల్లితే ఆ పేరుకు తగ్గ వాసన వస్తుంది.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లు కొనేటప్పుడు చూసుకోవాల్సింది ఒకటుంది. హవాయి నల్ల ఉప్పు పేరుతో అమ్మేది బొగ్గుపొడి కలిపిన సముద్రపు ఉప్పు. అది నిజంగానే నల్లగా ఉంటుంది, గంధకం వాసన మాత్రం ఉండదు.

నల్ల ఉప్పు గుడ్డు వాసననే ఇస్తుంది, పోషణను కాదు. ఒక గుడ్డులో సుమారు ఆరు గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. వీగన్ పొరటులో అది టోఫు నుంచో, శనగపిండి నుంచో రావాలి. బి12 విటమిన్‌ను విడిగా తీసుకోవాల్సిందే. నల్ల ఉప్పులో అధికభాగం సోడియం క్లోరైడే కాబట్టి రక్తపోటు ఉన్నవాళ్లు దీన్ని కూడా ఉప్పు లెక్కలోనే వేసుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన రోజుకు 5 గ్రాముల పరిమితి రెండు ఉప్పులకూ కలిపే. నల్ల ఉప్పులో సాధారణంగా అయోడిన్ కలపరు. అందువల్ల అయోడైజ్డ్ ఉప్పును పూర్తిగా మానేసి దీన్నే వాడటం తగదు. ఫ్లోరోసిస్ మీద పనిచేసిన నిపుణులు నల్ల ఉప్పులో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండవచ్చని హెచ్చరించారు. నల్లగొండ వంటి చోట్ల, నీళ్లలోనే ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లవాళ్లు దీన్ని ఎప్పుడో ఒకసారి వాడే దినుసుగానే ఉంచుకోవాలి.

పొడికంటే గడ్డ ఎక్కువకాలం నిలుస్తుంది. తడి తగలని సీసాలో పెట్టుకుని, కావలసినప్పుడు కాస్త నూరుకుంటే వాసన పోదు.