ముగ్గులో ఎనిమిది కదలికలు

ధనుర్మాసంలో కోనసీమ వాకిళ్లలో నాలుగు చుక్కలు నాలుగు వరుసలుగా పెట్టి, నాలుగు వైపులా ఒకే తీరుగా, అద్దంలో చూసినా మారకుండా వేసే చదరపు ముగ్గును తిరిగి తనపైనే సరిగా కూర్చోబెట్టే కదలికలు ఎనిమిది: నాలుగు భ్రమణాలు, నాలుగు పరావర్తనాలు. ఏ రెండింటిని వరుసగా జరిపినా ఫలితం వాటిలోనిదే అయ్యే ఈ కూర్పును గణితం సమూహం అంటుంది. దీని పరిమాణం ప్రధాన సంఖ్య 2కు మూడో ఘాతం. అసలు చమత్కారం ఆ పై అంతస్తులో ఉంది. సంయోగ నియమం చెడకుండా ఈ కదలికలనే తారుమారు చేసే స్వయం తుల్యరూపతలు కూడా ఎనిమిదే, వాటి సమూహానిదీ అదే రూపం. అందులో నాలుగు ముగ్గు కదలికల నుంచే పుడతాయి. తక్కిన నాలుగూ నిలువు, అడ్డ అక్షాల పరావర్తనాలను కర్ణాల పరావర్తనాలతో మారుస్తాయి, అందుకు 45 డిగ్రీల మలుపు కావాలి, అంత తిప్పితే ముగ్గు తనపై కుదరదు. వినిమయ ధర్మం లేని, ప్రధాన ఘాత పరిమాణం గల ప్రతి పరిమిత సమూహానికీ ఇలా సొంత కదలికల నుంచి పుట్టని బాహ్య సౌష్ఠవం తప్పక ఉంటుందని గణిత శాస్త్రవేత్త గాషుట్జ్ 1966లో నిరూపించాడు.