దీర్ఘవృత్తమును తాకు గీత

తెలుగు పండితుడు గణితమును గూర్చి వ్రాయుట కొందఱికి వింతగా దోచవచ్చును. కాని మన భాషలో ఈ రెండు విద్యలకును వైరము లేదు. క్రీ.శ. 9వ శతాబ్దమున మహావీరాచార్యుడు సంస్కృతమున ‘గణితసారసంగ్రహము’ను రచించి, అందు దీర్ఘవృత్తమును ‘ఆయతవృత్తము’ అను పేర ప్రస్తావించెను. ఆ గ్రంథమును 11వ శతాబ్దమున పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. లెక్కను తెలుగున చెప్పుకొనుట మనకు ఇంచుమించు వేయేండ్లనాటి అలవాటు.

మన ఉద్దనపల్లిలో పదవ తరగతి వఱకు తెలుగున చదివి, వేఱొకచోట ఆంగ్ల మాధ్యమమున పండ్రెండవ తరగతి చదువుచున్న ఒక బాలిక నిరుడొక సాయంకాలము మా యింటికి వచ్చెను. సరళరేఖ దీర్ఘవృత్తమును స్పర్శించుటకు నియమమును కనుగొను లెక్క ఆమె పుస్తకమున నుండెను. “అయ్యవారూ, సూత్రం నోటికి వచ్చింది. అది ఎందుకు అట్లుంటుందో తెలియలేదు” అనెను. నేను ఆంధ్రప్రదేశమున ఇంటర్మీడియట్ గణితమును తెలుగులో చదివి, పిమ్మట పండిత శిక్షణ పొందినవాడను. ఆ లెక్క నాకు తెలుగు మాటలలోనే జ్ఞాపకమున్నది. “పుస్తకము మూసి పెరటిలోనికి రామ్మా” అంటిని.

ఆరడుగుల ఎడమున రెండు గూటములు నాటితిమి. ముడులు పోగా పదడుగులుండునట్లు ఒక త్రాటి కొనలను వానికి కట్టి, పుల్లతో త్రాటిని బిగువుగా లాగి పట్టి చుట్టును గీచితిమి. పదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు గల దీర్ఘవృత్తమేర్పడెను. దానిమీది ఏ చుక్కనుండియైనను రెండు గూటములకు గల దూరములను కూడిన పదడుగులే యగును. వెలుపలి చుక్కకు త్రాడు చాలదు. లోపలి చుక్కకు మిగులును.

ఇక గీత. గూటముల నడిమి బిందువునుండి వెడల్పు దిశగా ఐదడుగుల దూరమున ఒక గుర్తు పెట్టితిమి. అచ్చటినుండి ఎడమకు ఐదడుగులు పోవునప్పటికి మూడడుగులు దిగునట్లు మఱియొక త్రాటిని చాచితిమి. అది వృత్తమును ఒక్కచోటనే, సరిగా ఎడమ గూటమునకు ఎదురుగా తాకెను. ఆ చోటినుండి దగ్గఱి గూటమునకు 3.2 అడుగులు, దూరపు గూటమునకు 6.8 అడుగులు, మొత్తము పది. ఆ గీతమీది మఱి యే చుక్కకును మన త్రాడు అందదు. గుర్తును నాలుగడుగులకు దించి అదే వాలున చాచినచో గీత వృత్తమును రెండుచోట్ల ఖండించును. ఆరడుగులకు జరిపినచో ఎచ్చటను తాకదు.

ఈ సంగతినే బీజగణితము తన రీతిని చెప్పును. గీత సమీకరణమును వృత్త సమీకరణమున ప్రతిక్షేపించినచో వర్గసమీకరణము వచ్చును. నడిమినుండి ఎడమకు గల దూరము ‘క’ అనుకొన్నచో, మన మొదటి గీతకు క² − 6క + 9 = 0, అనగా (క − 3)² = 0 అగును. రెండు మూలములును కలిసి ఒక్కటియైనవి. నాలుగడుగుల గుర్తునకు 0, 4.8 అని రెండు మూలములు. ఆరడుగుల గుర్తునకు వాస్తవ మూలములు లేవు. రెండు ఖండనబిందువులు చేరువై చేరువై ఒక్కటియగుటయే స్పర్శ. మూలములు సమానమగుటకు విచక్షణి సున్న కావలెను. దానిని సాధించినచో

చ² = అ²మ² + బ²

అను నియమము లభించును. ఇందు అ, బ అనునవి సగము పొడవు, సగము వెడల్పు. మ గీత వాలు. చ మనము గుర్తు పెట్టిన దూరము. సరిచూతము: అ = 5, బ = 4, మ = 3/5. అప్పుడు 9 + 16 = 25; కావున చ = 5.

ఆ బాలిక మట్టిలోని గీతను చాలసేపు చూచి, “ఇదేనా అయ్యవారూ టాంజెంట్ అంటే!” అనెను. ఆమె గణితమును ఎఱుగక పోలేదు. ఆ మాట వెనుక తాకుట యున్నదని ఆమెకెవరును చెప్పి యుండలేదు. లాటిను భాషలో తాకుట అను అర్థము గల ధాతువునుండి ఆంగ్లమున ఆ పదము పుట్టినది. మనము స్పర్శరేఖ యందుము. కన్నడిగులు స్పర్శక మందురు. తమిళులు తొడుకోడు అందురు. తొడు అనగా తాకు, కోడు అనగా గీత. అందఱును చూచినది ఒక్క గీతనే.

తెలుగున చదివిన బిడ్డ పై చదువులలో వెనుకబడునేమో యని తల్లిదండ్రులు పలుమాఱు నన్నడుగుదురు. ఆ భయము వట్టిది కాదు. మాధ్యమము మారిన తొలి మాసములు కష్టముగనే గడచును. అయినను అప్పుడు మారునవి మాటలు. తెలిసిన విషయము తెలిసినట్లే యుండును. కావున తొమ్మిది, పది తరగతుల విద్యార్థులారా! ఒక నోటుపుస్తకమున నాలుగు గడులు గీచి, ప్రతి గణితపదమును తెలుగు, తమిళము, కన్నడము, ఆంగ్లములలో వ్రాసికొనుడు. మొదటి గడిలోని మాటకు అర్థము తెలిసిన పిమ్మటనే తక్కిన మూడింటిని నింపుడు. ఈ సెలవులలో రెండు గూటములు, ఒక త్రాడు తీసికొని పై కొలతలను మీ పెరటిలో సరిచూచుకొనుడు.